నిద్ర, ఉప్పు, సైనికుడు

సైన్యం ఏ గుణాలను చూచి ఒక మనిషిని మెచ్చుకొని, పతకమిచ్చి, పై పదవికి పంపుతుందో, ఆ గుణాలలో కొన్ని ఒక కఠినమైన మనోవ్యాధికి తొలి లక్షణాలు కూడా కావచ్చునన్న సంగతి వైద్యులు ఎరిగినంతగా సేనాధిపతులు ఎరుగరు. మూడు గంటల నిద్రతో తృప్తిపడి తెల్లవారకముందే లేచి శిబిరమంతా కలయదిరిగేవాడు, పదిమంది పనిని తానొక్కడే తలకెత్తుకొని అలసట యెరుగనివాడు, అపాయం ఎదురైనప్పుడు జంకనివాడు, మాటతోనే బలగాన్ని ఉర్రూతలూగించేవాడు తమ దళంలో ఉంటే అధికారులు గర్విస్తారే గాని, అతనిని వైద్యుని వద్దకు పంపవలెనని తలపెట్టరు. అదే మనిషి ఒక బట్టల దుకాణంలో గుమాస్తాగా ఉండి, రాత్రి రెండు గంటలకు లేచి పాత లెక్కలన్నీ తిరగవ్రాయ నారంభించి, ఈ దుకాణాన్ని పది ఊళ్ళకు విస్తరింపజేస్తానని యజమానికి ఉపన్యసిస్తూ ఉంటే, ఇంటివారు వారం తిరగకముందే ఏదో జరుగుతున్నదని గ్రహిస్తారు. యుద్ధరంగంలో అసాధారణమే నిత్యకృత్యం గనుక, అక్కడ ఈ వ్యాధి శౌర్యం చాటున పెరుగుతుంది. అది వ్యాధి అని తెలియుటకు ఒక్కొక్కప్పుడు పదేళ్ళు కూడ పడుతుంది.

నేడు బైపోలార్ వ్యాధిగా వ్యవహరింపబడుతున్న ఈ రుగ్మతలో మనస్సు రెండు విరుద్ధదశల మధ్య ఊగులాడుతుంది. ఒకటి ఉన్మాదదశ, వైద్యులు మేనియా అనేది, రెండవది కుంగుబాటు. మొదటిదానిలో నిద్ర అక్కరలేకపోవుట, మాట కట్టు తెగుట, ఆలోచనలు ఒకదానినొకటి తరుముకొనిపోవుట, తనంతటివాడు లేడన్న అతిశయం, విచ్చలవిడిగా డబ్బు ఖర్చుచేయుట కనీసం వారం రోజులు ఎడతెగక కనిపిస్తాయి; ముదిరినప్పుడు తాను దైవప్రేషితుడననో, శత్రువులు తన్ను వెంటాడుతున్నారనో భ్రాంతులు కలుగుతాయి. దీనికంటె తేలికయైన హైపోమేనియా అనే రూపంలో భ్రాంతులు ఉండవు, పని చెడదు, సరికదా కొంతకాలం పని మెరుగుపడినట్లే కనిపిస్తుంది. రెండవ దశలో ఆ మనిషే మంచం దిగలేడు, అన్నం సహించదు, చిన్న నిర్ణయం చేయుట కూడ కొండ నెత్తుకొన్నంత భారమవుతుంది, బ్రదుకు మీద ఆశ సన్నగిల్లుతుంది. ఈ రెంటి నడుమ నెలలు, సంవత్సరాలు పూర్తిగా మామూలుగా గడచిపోవుట కద్దు. చూచేవారిని ఏమరుపాటున పడవేసేది ఆ మామూలు కాలమే. 2019 నాటికి లోకంలో సుమారు 4 కోట్లమందికి ఈ వ్యాధి ఉన్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా.

పారిస్ వైద్యుడు ఫాల్రే 19వ శతాబ్ది మధ్యభాగంలోనే ఈ రెండు దశలు ఒకే వ్యాధి యొక్క చక్రభ్రమణమని గుర్తించినాడు. 1899లో జర్మన్ పండితుడు క్రేపెలిన్ దానికి శాస్త్రీయమైన చట్రం బిగించినాడు. కవలపిల్లలపై జరిగిన పరిశోధనలు ఇందులో వంశపారంపర్యం పాలు చాల అధికమని తేల్చినవి. అయితే ఇది ఒక్క జన్యువు చేసే పని కాదు. 2021లో వెలువడిన ఒక మహాపరిశోధన మానవ జన్యురాశిలో 64 చోట్ల దీనితో సంబంధం కనుగొన్నది. ఆ ఒక్కొక్కచోటి ప్రభావం అత్యల్పం. వంశం నుండి వచ్చేది వ్యాధికి లోబడే స్వభావం మాత్రమే. అది మేలుకొనుటకు తరచుగా ఒక ఒత్తిడి కావలసివస్తుంది. ఇరవయ్యవ యేటికి అటునిటుగా ఈ వ్యాధి తొలిసారి బయటపడుట సాధారణం. కుర్రవాళ్ళు సైన్యంలో చేరే వయస్సు కూడ సరిగా అదే. భర్తీనాటి వైద్యపరీక్షలో ఛాతీ కొలిచి, కళ్ళు చూచి, పరుగు పెట్టించిన వైద్యునికి, ఇంకా పుట్టని వ్యాధి ఎట్లా కనిపిస్తుంది?

అమెరికా సైన్యంలో మేజర్ జనరల్ పదవి నలంకరించిన గ్రెగ్ మార్టిన్ తన కథను తానే లోకానికి వెల్లడించి మహోపకారం చేసినారు. వెస్ట్‌పాయింట్ సైనిక కళాశాలలో 1979లో పట్టా పొంది, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో డాక్టరేటు సంపాదించిన ఇంజనీరాయన. చిన్ననాటినుండి ఆయనలో సాధారణులకంటె మిక్కిలియైన ఉత్సాహశక్తి ఉండేది. అది వ్యాధి కాదు, స్వభావం. ఆయన ఉన్నతికి అదే తోడ్పడినది. 2003లో ఇరాక్‌పై దండయాత్ర జరిగినప్పుడు ఆయన కర్నలుగా ఒక ఇంజనీరు బ్రిగేడుకు నాయకత్వం వహించినారు. అక్కడ, ఆ యెడారిలో, నిద్రాహారాలు లేని ఆ నెలలలో, తనకు అసాధ్యమైనది లేదన్నంతటి శక్తి ఆయనకు కలిగినది. దళం ముందుకు సాగినది. పై అధికారులు ప్రశంసించినారు. యుద్ధం నుండి తిరిగి వచ్చిన పిమ్మట ఆ శక్తి అడుగంటి, నెలల తరబడి కుంగుబాటు ఆవరించినది. అదీ కాలక్రమేణ తొలగిపోయినది. ఇరాక్‌లో ఆనాడు మేలుకొన్నది బైపోలార్ వ్యాధియేనని పదకొండేళ్ళ దాకా ఎవ్వరూ గ్రహింపలేదు. ఆ పదకొండేళ్ళలో ఆయన జనరలైనారు, సైన్య యుద్ధకళాశాలకు అధిపతియైనారు, 2012లో జాతీయ రక్షణ విశ్వవిద్యాలయానికి అధ్యక్షులైనారు. ప్రతి మెట్టు ఎక్కినప్పుడు వ్యాధి కూడ ఒక మెట్టు ఎక్కినది.

2014 నాటికి ఉన్మాదం పూర్తిగా రేగినది. ఆయన వేగానికి, పట్టపగ్గాలు లేని ఉత్సాహానికి, ఆగని మాటకు సహోద్యోగులు బెదరినారు. ఫిర్యాదులు పైకి వెళ్ళినవి. ఆ యేడు జులైలో, అమెరికా సంయుక్త దళాధిపతుల సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న జనరల్ డెంప్సీ, మార్టిన్ యెడల ఎంతో ఆప్యాయత కలవాడే అయినప్పటికీ, ఆయనను పిలిపించి, రాజీనామా చేయుమనీ, మనోవైద్య పరీక్ష చేయించుకొనుమనీ ఆదేశించినాడు. ఆ ఆదేశం క్రూరమైనదని పలువురు అనుకోవచ్చును. మార్టిన్ మాత్రం అది తన ప్రాణం కాపాడినదని చెప్పుకొన్నారు. చిత్రమేమనగా, ఆ పరీక్షలు చేసిన వైద్యులు ఒకరి వెంట ఒకరు ఆయన ఆరోగ్యంగానే ఉన్నారనీ, విధులకు అర్హులేననీ వ్రాసినారు. కొన్ని నెలలు గడవకముందే ఆయన ఉన్మాదశిఖరం మీదినుండి కుంగుబాటులోనికి, భ్రాంతులలోనికి కూలిపోయినారు. అప్పుడుగాని వ్యాధినిర్ణయం జరుగలేదు. 2015లో, ముప్పదియారేళ్ళ సేవానంతరం, పదవీ విరమణ చేసినారు. కుంగుబాటులో కూలిననాటినుండి సుమారు రెండేళ్ళు ఆయన జీవితంలోకెల్ల ఘోరమైన కాలం. 2016లో మాజీ సైనికుల ఆస్పత్రి చికిత్సలో లిథియం మొదలుపెట్టిన పిమ్మట మాత్రమే ఆయన తేరుకొన్నారు.

వైద్యులు ఎందుకు పొరబడినారన్న ప్రశ్నను లోతుగా విచారింపవలెను. ఏలయనగా ఆ పొరపాటు ఒక దేశానికో, ఒక ఆస్పత్రికో చెందినది కాదు. ఉన్మాదదశలో ఉన్నవానికి తాను రోగినన్న స్పృహ ఉండదు. జీవితంలో తానింత ఆరోగ్యంగా ఎన్నడూ లేనని అతడు మనసారా నమ్ముతాడు, అట్లే చెబుతాడు. అందులోను సేనానియైనవాడు పరీక్షకు పిలిచిన గంటసేపు తన్ను తాను కూడగట్టుకొని, ప్రశ్నకు తగిన సమాధానం చెప్పగల శిక్షణ కలవాడు. అతనిని రాత్రి పన్నెండు గంటలకు చూచిన భార్య నడిగితే, తెల్లవారుజామున మూడింటికి అతడు పంపిన ఉత్తరాలు అందుకొన్న గుమాస్తా నడిగితే, వ్యాధి యొక్క స్వరూపం తెలుస్తుంది. రోగి నొక్కనినే అడిగితే తెలియదు. ఇక కుంగుబాటుతో వచ్చిన సైనికుని సంగతి వేరు. అతనిలోని చిరాకును, నిద్రలేమిని, మద్యపానాన్ని చూచి యుద్ధాఘాతం వలన కలిగిన మనోవైకల్యమనో, తాగుడు వ్యసనమనో నిర్ణయించుట సులభం. ఆ రెండును నిజంగా ఉండవచ్చును కూడ. కాని పూర్వం ఎప్పుడైనా నిద్రలేకుండ వారం రోజులు ఉత్సాహంగా తిరిగినావా అని అడుగక, కుంగుబాటు తగ్గించే మాత్రలు మాత్రమే ఇచ్చినట్లయితే, లోపల బైపోలార్ వ్యాధి ఉన్నవాడు ఆ మాత్రలతోనే ఉన్మాదంలోనికి ఎగసిపోయే ప్రమాదం కలదు.

దాచుకొనుట అనే మరొక కారణం కలదు. భారతసైన్యంలో ప్రతి సైనికుని ఆరోగ్యాన్ని ‘షేప్’ అనే అయిదక్షరాల కొలతతో నిర్ణయిస్తారు. అందులో మొదటి అక్షరమే మనస్సుకు సంబంధించినది. ఆ మొదటి అక్షరం ప్రక్కనున్న అంకె ఒకటి నుండి దిగజారితే కేటగిరీ పోయిందంటారు. కేటగిరీ పోతే ప్రమోషను, మంచి పోస్టింగు, కొన్నిసార్లు ఉద్యోగమే పోతుందన్న భయం ప్రతి జవానుకు తెలుసు. ఆ భయం నిరాధారమైనది కాదు గనుక దానిని పిరికితనమని నిందించుట అన్యాయం. ఇంటికి నెలనెలా డబ్బు పంపవలసినవాడు, చెల్లెలి పెళ్ళికి అప్పు చేసినవాడు, నిద్రపట్టడం లేదని మెడికల్ ఆఫీసరు వద్ద నోరు విప్పుటకు ముందు ఎన్ని రాత్రులు ఆలోచిస్తాడో ఊహించుకొన్నప్పుడే ఈ వ్యాధి దాగియుండే చోటు మనకు కనిపిస్తుంది.

నిద్ర విషయాన్ని ఇక్కడ విడిగా చెప్పవలెను. నిద్రలేమి ఉన్మాదానికి లక్షణం మాత్రమే కాదు, కారణం కూడ. అమెరికా పరిశోధకుడు థామస్ వేర్, ఆయన సహచరులు 1987లో ఒక వాదం ప్రతిపాదించినారు: దుఃఖం గాని, ప్రయాణం గాని, రాత్రి ఉద్యోగం గాని, ప్రసవం గాని, ఉన్మాదాన్ని రేపే కారణాలు ఎన్ని ఉన్నా, అవి పెక్కుసార్లు ఒకే మార్గాన పనిచేస్తాయి, ఆ మార్గం నిద్ర తగ్గుట. నిద్ర తగ్గితే ఉన్మాదం, ఉన్మాదం వలన మరింత నిద్ర తగ్గుట, ఇట్లు వలయం బిగుసుకొంటుంది. రాత్రి కాపలా, ఖండాలు దాటే విమానప్రయాణం, రోజుల తరబడి సాగే యుద్ధాభ్యాసం, వీటిని తప్పించి సైనికజీవితాన్ని ఊహింపలేము. ఆరోగ్యవంతుడు ఒక రాత్రి జాగారం చేసి మరునాడు నిద్రపోయి సరిపెట్టుకొంటాడు. ఈ వ్యాధికి లోబడే స్వభావం కలవాని మెదడులోని గడియారం అంత సులభంగా సర్దుకొనదు.

ఈ వ్యాధికి ప్రధానౌషధమైన లిథియం కథలో సైనికులే ఆద్యంతాలు నిండియుండుట చాలమందికి తెలియదు. జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు సైనిక వైద్యదళంలో పనిచేస్తూ, 1942లో సింగపూరు పతనమైనప్పుడు జపానువారికి చిక్కి, మూడేళ్ళకు పైగా చాంగీ బందీశిబిరంలో గడిపినాడు. అన్నం చాలక, విటమినులు చాలక తోటి బందీల దేహాలతో పాటు మనస్సులు కూడ చెదరుట కళ్ళార చూచి, మనోవ్యాధికి దేహంలో మూలముండి తీరవలెనన్న విశ్వాసంతో ఇంటికి వచ్చినాడు. మెల్‌బోర్న్ సమీపాన బుండూరాలో మాజీ సైనికులకై నెలకొల్పిన మానసిక చికిత్సాలయంలో ఉద్యోగం, ప్రయోగశాలగా వాడుకొనుటకు ఒక పాత సామానుల గది, ప్రయోగాలకు గినీపందులు. ఉన్మాదరోగుల మూత్రంలో ఏదో విషముండవచ్చునన్న ఊహతో ఆరంభించి, యూరికామ్లాన్ని నీటిలో కరిగించుటకై దాని లిథియం లవణాన్ని వాడి చూడగా, గంతులు వేసే ఆ జంతువులు రెండు గంటలలో నెమ్మదించి, వెల్లకిల పడవేసినా నిశ్చలంగా పడియున్నవి. ఊహ తప్పు, దానివలన దొరికినది మాత్రం ఒక మహౌషధం. రోగులకు ఇచ్చుటకు ముందు ఆయన లిథియం తానే మ్రింగి చూచుకొన్నాడు.

1948 మార్చి 29వ తేదీన ఆ మందు పుచ్చుకొన్న మొదటి ఉన్మాదరోగి, మొదటి ప్రపంచయుద్ధంలో కందకాలలో పోరాడిన ఏబదియొక్కేళ్ళ మాజీ సైనికుడు. అయిదేళ్ళుగా వార్డులో అందరికంటె అల్లరివాడు, మురికివాడు, ఇక బాగుపడే ఆశలేనివాడని పేరుపడినవాడు. మూడు వారాలలో అతడు కోలుకొంటున్నవారి వార్డుకు మారినాడు. జులైలో ఇంటికి వెళ్ళి, పూర్వం చేసిన పనిలోనే మరల చేరినాడు. ఆరోగ్యంగా ఉన్నాను గదా అని మాత్రలు మానివేసినాడు. ఆ తరువాత జరిగినది, ఈనాటికీ మన యూళ్ళలో ప్రతి మనోవైద్యుడూ చూస్తున్నదే: కొద్ది నెలలలో ఉన్మాదం తిరుగబెట్టి, మరల ఆస్పత్రిలో చేరినాడు. 1950లో లిథియం మోతాదు దేహంలో మితిమీరి అతడు మరణించినాడు. కేడ్ ఈ మరణంతో ఎంత కలత చెందినాడో, తరువాత కొంతకాలం ఆ మందు వాడకాన్నే ఆపివేయుటను బట్టి తెలుస్తుంది. వైద్యచరిత్రలో విజయాన్ని మాత్రమే చెప్పి, ఆ తొలి రోగి మృతిని చెప్పకుండ విడుచుట నాకు ధర్మంగా తోచదు. రక్తంలో లిథియం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతి ఆచరణలోనికి రాని కాలంలో అతడు ఆ మందు పుచ్చుకొన్నాడు; ఈనాడు రోగి చేతినుండి తీసే ప్రతి రక్తపు చుక్క అతనికి ఋణపడియున్నది.

కేడ్ తన పరిశోధనను 1949 సెప్టెంబరులో ప్రకటించినాడు. సరిగా అదే సంవత్సరంలో అమెరికాలో, గుండెజబ్బు వలన ఉప్పు మానివేసిన రోగులు రుచికొరకు లిథియం క్లోరైడును ఉప్పుకు మారుగా చల్లుకొని తిని, కొందరు ప్రాణాలు కోల్పోయినారు. ఉప్పు మానినవారే లిథియానికి ఎందుకు బలియైనారో తెలిసికొంటే ఈ మందు యొక్క మర్మమంతా తెలుస్తుంది. లిథియం, ఉప్పులోని సోడియం ఒకే కుటుంబానికి చెందిన ధాతువులు; మూత్రపిండాలు ఆ రెంటికీ చాల భాగం భేదం పాటింపవు. దేహంలో సోడియం తగ్గినప్పుడు మూత్రపిండం దానిని బయటికి పోనీయక వెనుకకు పీల్చుకొంటుంది; ఆ పీల్చుటలో లిథియాన్ని కూడ కలిపి పీల్చుకొంటుంది. అందువలన చెమట విపరీతంగా పట్టినా, వాంతులు విరేచనాలు అయినా, నీరు చాలకపోయినా, ఉప్పు హఠాత్తుగా మానినా, మాత్రలసంఖ్య పెరుగకపోయినా రక్తంలో లిథియం పెరిగిపోతుంది. రక్తద్రవం లీటరుకు 0.6 నుండి 1.0 మిల్లీమోల్ దాకా ఔషధం, 1.5 దాటితే విషం. చేతులు తీవ్రంగా వణకుట, నడక తడబడుట, మాట ముద్దగా వచ్చుట, వాంతులు, మగత దాని ఆనవాళ్ళు. ఇంత ఇరుకైన హద్దు మధ్య పనిచేసే మందులు వైద్యంలో చాల అరుదు.

దీనిని బట్టి, లిథియం వాడే సైనికుని యుద్ధరంగానికి ఎందుకు పంపరో తేటపడుతుంది. యెడారి యెండలో ముప్పది కిలోల బరువు మోస్తూ నడచేవానికి చెమట రూపాన ఉప్పు పోతుంది. మోకాళ్ళ నొప్పికి సైనికులు అలవాటుగా మింగే ఇబుప్రొఫెన్ మాత్ర కూడ లిథియాన్ని పెంచుతుంది. రక్తపరీక్ష చేసే సదుపాయం ఆ గుట్టల మధ్య ఉండదు. 2006 నవంబరులో అమెరికా రక్షణశాఖ వెలువరించిన నిబంధనలు బైపోలార్ వ్యాధి కలవారిని, లిథియం పుచ్చుకొనేవారిని యుద్ధరంగానికి పంపరాదని నిర్ణయించినవి. ఆ నిబంధన వెలివేతగా కనిపించినా, మూత్రపిండం పనితీరు తెలిసినవానికి అది కరుణయే. యుద్ధభూమికి పనికిరాడన్నంత మాత్రాన ఆ మనిషి దేనికీ పనికిరాడని ఒక వ్యవస్థ భావించుట మాత్రం క్షమింపరాని పొరపాటు.

పదవీ విరమణతో ఇంకొక అధ్యాయం ఆరంభమవుతుంది. సైన్యం ఈ రోగికి రెండు విరుద్ధమైన పనులు చేసినది: రాత్రులు మేల్కొలిపి వ్యాధిని రేపినది, అట్లే, యుద్ధం లేని రోజులలో ఒకే వేళకు లేచుట, ఒకే వేళకు భోజనం, ఒకే వేళకు దీపాలార్పుట అనే క్రమాన్ని ఎముకలలో ఇంకించి, వ్యాధిని అణచి ఉంచినది. ఉద్యోగం ముగిసిననాడు ఆ క్రమం ఒక్కసారిగా తొలగిపోతుంది. పశ్చిమగోదావరిలో మిలిటరీ మాధవరమని పేరుగాంచిన ఊరి వంటి గ్రామాలలో, ఇంటింటా ఒక మాజీ సైనికుడున్న వీధులలో, పెన్షను తీసుకొని వచ్చిన మనిషి ముప్పదియయిదు నలుబదియేళ్ళకే పగలంతా అరుగు మీద కూర్చొనుట మనకు వింత కాదు. అతనిలో లోలోపల ఈ వ్యాధి ఉంటే, ఆ ఖాళీయే దానికి తలుపు తీస్తుంది.

అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరపు మనస్తత్వవేత్త ఎలెన్ ఫ్రాంక్, ఆమె సహచరులు దినచర్యలోని క్రమం వ్యాధిని అణచి ఉంచుతుందన్న ఈ సత్యాన్ని చికిత్సగా మలచినారు. రోగి ప్రతిదినం ఒక కాగితం మీద అయిదు వేళలు వ్రాసుకొంటాడు: మంచం దిగిన వేళ, మొదట మరొక మనిషిని పలుకరించిన వేళ, పని ఆరంభించిన వేళ, రాత్రి భోజనం వేళ, పడుకొన్న వేళ. అయిదింటికీ గురి నిర్ణయించుకొని, దినదినం ఆ గురికి దగ్గరగా ఉండుట సాధన. ఇందులో మొదటి మనిషిని పలుకరించిన వేళను చేర్చుట నాకు మిక్కిలి సూక్ష్మమైన దృష్టిగా తోస్తుంది. దేహంలోని గడియారాన్ని సూర్యుడు మాత్రమే గాక, ఎదుటి మనిషి ముఖం కూడ సరిదిద్దుతుందని ఆ ఒక్క పంక్తిలో ఉన్నది. సైనికునికి ఈ కాగితం కొత్తది కాదు. డ్యూటీ పట్టిక చూచి బ్రదికినవాడు తనకు తానే డ్యూటీ పట్టిక వ్రాసుకొంటాడు. మందులకంటె త్వరగా దీనిని అంగీకరించిన మాజీ సైనికులు ఉండుట సహజం. మార్టిన్ కూడ తాను నిలదొక్కుకొనుటకు మందులతో పాటు ఒక లక్ష్యం, తన్ను ప్రేమించే మనుషులు, ఉల్లాసమిచ్చే ఒక చోటు కారణాలని చెబుతారు. ఫ్లోరిడా సముద్రతీరాన స్థిరపడి, తన అనుభవాన్ని ఊరూరా చెప్పుటను ఆయన కొత్త సైనిక కర్తవ్యంగా స్వీకరించినారు.

మన తెలుగుదేశంలో ఈ వ్యాధితో బ్రదికేవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాటలు కొన్ని కలవు. శివరాత్రి జాగారం పుణ్యమే కావచ్చును. కాని బైపోలార్ వ్యాధి ఉన్నవాడు తెల్లవార్లు మేల్కొనుట తన చేతులారా వ్యాధిని పిలుచుకొనుటయే. ఏకాదశి నాడు నీరు కూడ ముట్టని ఉపవాసం లిథియం పుచ్చుకొనేవానికి నిషిద్ధం. మన పెద్దలకు మందు అనగానే పథ్యం జ్ఞప్తికి వస్తుంది. మందు మింగేవాడు ఉప్పు మానవలెనని ఇంటిలో ఎవరైనా అభిమానంతో శాసిస్తే, ఆ అభిమానమే అపాయమవుతుంది. ఉప్పు మానరాదు, హఠాత్తుగా పెంచరాదు. రోజూ తినేది రోజూ తినవలెను. రెంటచింతల వంటి చోట్ల మే నెల యెండలో పొలానికి వెళ్ళేవాడు మజ్జిగ, నీళ్ళు చెంత నుంచుకొనవలెను. విరేచనాలు పట్టుకొన్నప్పుడు మాత్ర వేసికొనుటకు ముందే వైద్యుని అడుగవలెను. రక్తపరీక్షకు వెళ్ళునాడు రాత్రి మాత్ర వేసికొన్న పన్నెండు గంటలకు రక్తమీయవలెను. ఉదయం మాత్ర వేసికొని వెళితే లెక్క తప్పుతుంది. మోతాదు కుదిరిన పిమ్మట మూడు నుండి ఆరు నెలలకొకసారి ఈ పరీక్ష, దానితో పాటు థైరాయిడు, మూత్రపిండాల పరీక్షలు. కాఫీగ్లాసు పట్టుకొన్న చేయి కొద్దిగా వణకుట, దాహం, కొంత బరువు పెరుగుట తరచుగా కలిగేవే. తుపాకి గురి తప్పనివాడనిపించుకొన్న మనిషికి ఆ వణుకు ఎంత అవమానంగా తోస్తుందో ఇంటివారు తెలిసికొనవలెను. ఆ అవమానం చేతనే పలువురు మందు మానుతారు. వైద్యునితో చెబితే మోతాదు సవరించుటకో, వాల్‌ప్రోయేటు, లామోట్రిజిన్, క్వెటియాపిన్ వంటి ఇతరౌషధాలకు మార్చుటకో వీలున్నది. చెప్పక మానుటకే వీలు లేదు. ఆత్మహత్యాప్రవృత్తిని తగ్గించుటలో లిథియానికి ఉన్న శక్తి ప్రసిద్ధమైనది. కుంగుబాటులో చావు తలపు వచ్చిన రాత్రి, ఇంటిలో ఎవరినైనా లేపి చెప్పవలెను; 14416 అనే ప్రభుత్వ టెలిఫోను సహాయకేంద్రం రాత్రింబగళ్ళు పలుకుతుంది, తెలుగులోనూ పలుకుతుంది.

మన దేశంలో ఈ వ్యాధి కలిగిన సైనికుల పింఛను తగాదాలో శాస్త్రం, న్యాయం ఒకదానినొకటి ఎదుర్కొంటాయి. వ్యాధి సైనికసేవ వలన కలిగినదా, లేక సేవ వలన తీవ్రమైనదా అన్నదానిపై వైకల్యపు పింఛను ఆధారపడి ఉంటుంది. మెడికల్ బోర్డులు మనోవ్యాధులను పుట్టుకతో వచ్చిన స్వభావదోషమని వ్రాసి పింఛను నిరాకరించిన సందర్భాలు అనేకం. వంశంలో బీజం, సేవలో ఒత్తిడి అన్న రెండు కారణాలు కలిస్తే గాని రేగని వ్యాధికి అందులో ఒక్కదానినే కారణంగా ఎంచుట శాస్త్రానికి సమ్మతం కాదు. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అది మూర్ఛరోగానికి సంబంధించినదే అయినప్పటికీ, ఒక సూత్రం స్థాపించినది: చేరిననాడు రోగమున్నట్లు వ్రాసి ఉండనప్పుడు సైనికుడు ఆరోగ్యంగా చేరినాడనే భావింపవలెను, తరువాత అనారోగ్య కారణంగా తొలగిస్తే, అది సేవ వలన కాదని నిరూపించు భారం ప్రభుత్వానిదే, సందేహం కలిగిన చోట సైనికుని పక్షానే నిర్ణయింపవలెను. కోర్టుకు వెళ్ళలేని జవాను భార్యకు ఈ తీర్పు ఉన్నదని ఎవరు చెబుతారన్నదే నా దిగులు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళునప్పుడు డిశ్చార్జి పుస్తకంతో పాటు, భర్తీనాటి వైద్యపత్రాల నకళ్ళు, తొలిసారి వ్యాధి కనిపించినప్పుడు అతడు ఏ పోస్టింగులో ఉన్నాడన్న వివరం వెంట తీసికొనిపోవుట మంచిది.

ఇంకొక హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉన్నది. మాజీ సైనికులు దానిని తక్కిన అందరికంటె చక్కగా వినియోగించుకొనగలరని నా నమ్మకం. వయస్సు వచ్చిన ఏ వ్యక్తియైనా, మనస్సు నెమ్మదిగా ఉన్న కాలంలో, మునుముందు తనకు వ్యాధి ముదిరినప్పుడు ఎటువంటి చికిత్స జరుగవలెనో, ఎటువంటిది జరుగరాదో, తన తరఫున ఎవరు మాట్లాడవలెనో ముందుగానే కాగితం మీద వ్రాసి ఉంచవచ్చును. ఉన్మాదంలో ఉన్న తన మాటను కాదని, ఆరోగ్యంలో ఉన్న తన మాటనే పాటింపుమని తన వారికి ఇచ్చే ఆజ్ఞ అది. అందులో వ్రాయవలసినవి పెద్ద విషయాలేమీ కావు: వరుసగా రెండు రాత్రులు నాలుగు గంటలకు లోపుగా నిద్రపోతే వైద్యునికి ఫోను చేయవలెనని, ఏ.టి.యం. కార్డు, మోటారుసైకిలు తాళం భార్య చేతికి అప్పగింపవలెనని. భూమి అమ్మకపు కాగితాల మీద ఆ నెలలో తన సంతకం తీసికొనరాదని. పూర్వం ఏ మందు తనకు పడినదో, ఏది పడలేదో. ఇంటిలో తుపాకి ఉంటే అది ఎవరి ఇంటికి చేరవలెనో.